బురద మాస్టారు

మ్యూజియంలో ఆ గైడుని అందరూ బురద మాస్టారు అంటారు. ఏసు ఉమ్మితో మట్టి తడిపి పుట్టుగుడ్డివాడి కళ్లకు పూసిన కథని ఇరవై ఆరేళ్లుగా మూడు బొమ్మల ముందు చెబుతున్నాడు మరి. పాత రాతిపలక మీద గుడ్డివాడు చంటిపిల్లాడంతే ఉంటాడు. ఆ కాలంలో గొప్పవాళ్లనే పెద్దగా చెక్కేవారట. బంగారు పూత బొమ్మలో అతనే రెండుసార్లు ఉంటాడు, ఒకచోట గుడ్డిగా, పక్కనే కళ్లు కడుక్కుంటూ. మూడో బొమ్మ వేసిన చిత్రకారుడు తనకి డబ్బిచ్చిన షావుకారుని నడిమధ్యన నిలబెట్టి, పాపం రోగిని మూలకి నెట్టేశాడు. మాస్టారి కళ్లకీ రెండేళ్లుగా శుక్లాలే. ఆపరేషన్ అంటే గుండె జారిపోయి, భార్య అడిగినప్పుడల్లా "నాకేం, నిక్షేపంలా ఉన్నాను" అనేవాడు. అడుగులు లెక్కపెట్టుకుని బొమ్మల దగ్గర ఆగేవాడు.

గోడలకి రంగులేశాక బొమ్మల చోట్లు మారాయి. ఆ మార్పు కనబడక మాస్టారు, చూడవచ్చిన టీచర్లతో "ఆ గుడ్డివాడి మొహంలో ఎంత ఆశో చూడండి!" అన్నాడు.

"మాస్టారూ, అది చేపలబుట్ట బొమ్మండీ," అంది ఒకావిడ మెల్లగా.

అందరితోపాటు తనూ నవ్వాడు గానీ చెవులు ఎర్రబడ్డాయి. ఇంటికెళ్లి భార్యతో "పద, ఆస్పత్రికి" అన్నాడు.

ఆపరేషన్ అయిన నెల తర్వాత ఉద్యోగంలోకొచ్చి, ముందుగా షావుకారు బొమ్మ దగ్గరికి వెళ్లి మూలకి వంగి చూశాడు. వెంటనే భార్యకి ఫోన్ చేశాడు. "ఇదిగో, వీడూ పట్టుకున్నాడే!"

"ఎవరు? ఏం పట్టుకున్నారు?"

"గుడ్డివాడు! ఏసు అంగీ పట్టుకున్నాడు, పిడికిలి బిగించి. ఇన్నేళ్లూ నేను గమనించనేలేదు. ఆపరేషన్ బల్ల మీద నేను ఆ నర్సమ్మ కోటు వదల్లేదూ, అచ్చం అలాగే!"