సూర్యప్రభ అట్లపెనం

అట్లపెనం మీద రొట్టె కాల్చకూడదు. సూర్యప్రభకు తల్లి నుంచి వచ్చిన ఆస్తి ఒక పోత ఇనుప పెనం, దాంతోపాటు ఈ నియమం. రొట్టె కాలిస్తే పెనానికి అలవాటు తప్పుతుంది, అట్టు అంటుకుపోతుంది. సబ్బు తగలనివ్వకూడదు. వాడాక గుడ్డతో తుడిచి, నూనె రాసి బోర్లించాలి. తణుకు నుంచి ఎల్బీనగర్ వచ్చాక ఆవిడ ఇళ్ళు మారింది, స్కూళ్ళు మారింది, పెనాన్ని మాత్రం పసిపిల్లను సాకినట్టు సాకింది. సాకడానికి మరెవరూ లేరు కూడా. యాభై దాటాయి, పెళ్ళి కాలేదు, దిల్‌సుఖ్‌నగర్‌లో ఓ ప్రైవేటు స్కూల్లో హిందీ చెబుతుంది. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగే చనువు కింది వాటాలో ఉండే ఇంటావిడ అండాలమ్మకు తప్ప ఇంకెవరికీ లేదు.

ప్రతి ఆదివారం ఒక స్టీలు పళ్ళెం ఆ ఇంటి మెట్లు ఎక్కేది, దిగేది. ఎక్కేటప్పుడు జొన్నరొట్టె, దిగేటప్పుడు అట్టు. పళ్ళెం ఖాళీగా తిరిగి ఇవ్వకూడదన్న విషయంలో ఇద్దరిదీ ఒకటే మాట. దాని నడిమధ్య అండాలమ్మ పేరు చెక్కి ఉండేది. "నా రొట్టెకు పండ్లు గావాలె, నీ అట్టుకు అవి గూడ అక్కర్లేదు పంతులమ్మా" అని నవ్వేది అండాలమ్మ. వారం మొత్తమ్మీద సూర్యప్రభతో నవ్వే మనిషి ఆవిడొక్కతే.

ఉద్యమం జోరుమీదున్న 2011 జూన్‌లో, ఒక ఆదివారం రోడ్ల మీద వంటావార్పు పెట్టారు. చౌరస్తాలో పొయ్యిలు వెలిగించి, అక్కడే వండి, అక్కడే తినడం. రొట్టెలకు తన పెనం ఒక్కటీ చాలదని అండాలమ్మ పైకి వెళ్ళింది. సూర్యప్రభ ట్యూషన్‌కని సైదాబాద్ పోయింది. పెనం పిట్టగోడ మీద బోర్లించి ఉంది. వాళ్ళిద్దరి మధ్య అడగడాలేమున్నాయి, పట్టుకుపోయింది.

సాయంత్రం తనే పైకి తెచ్చింది. పెనం మీద పళ్ళెం, పళ్ళెంలో రెండు రొట్టెలు.

"నీ పెనం మస్తు నల్లగైంది పంతులమ్మా. ఇటుకపొడి, సబ్బు ఏసి రెక్కలు పొయ్యేటట్టు తోమిన. సూడు, ఎట్ల మెరుస్తున్నదో!"

సూర్యప్రభ చూసింది. తల్లి చేతి నలుపు, తన చేతి నలుపు అంతా పోయి పెనం బోడిగా, తెల్లగా ఉంది. ఒళ్ళు మండిపోయింది.

"ఎంత పని చేశారండీ! అయినా అట్టు సంగతి మీవాళ్ళకేం తెలుస్తుందిలెండి!"

మీవాళ్ళు, మావాళ్ళు అన్న గొడవ ఆ రోజుల్లో ఊరంతా రగులుతోంది. ఈ ఇద్దరూ దాన్ని ఇన్నాళ్ళూ మెట్ల దగ్గరికి రానివ్వలేదు. అండాలమ్మ ముఖం చిన్నబోయింది.

"పన్నెండేండ్ల సంది ఒక్క పళ్ళెంల తిన్నం. ఇయ్యాల నేను మీవోళ్ళనైతినా?" అని దిగిపోయింది. పళ్ళెం పైనే ఉండిపోయింది.

తప్పు తనదేనని సూర్యప్రభకు ఆ క్షణమే తెలుసు. తెలిసీ దిగలేదు. పళ్ళెం ఖాళీగా ఇవ్వకూడదు కదా, అట్టుతోనే దిగాలనుకుంది. అదీ చిరుగు లేని అట్టుతో! చిరిగిన అట్టు పట్టుకెళితే, చూడండి మీవల్ల ఏమైందో అని దెప్పినట్టు ఉంటుందట. ఇలాంటి లెక్కలు ఒంటరివాళ్ళకే తోస్తాయి. పక్కన ఎవరైనా ఉంటే చాల్లే ఊరుకో అని ఒక్క కసురు కసిరేవారు.

పెనాన్ని గంజిలో నానబెట్టింది. ఆరబెట్టి, నూనె రాసి, సన్నసెగ మీద పొగ వచ్చేదాకా కాల్చింది. చల్లార్చి మళ్ళీ రాసింది. సగం ఉల్లిపాయతో రుద్ది అట్టు పోస్తే అతుక్కుపోయింది. గీకగా వచ్చిన పేలికలు తనే తింది. వానల్లో తుప్పు పట్టింది. చింతపండుతో తోమి మళ్ళీ మొదటికి వచ్చింది. నల్లా దగ్గర ఎదురుపడితే ఇద్దరూ బిందెల వంకే చూసుకునేవారు. బాలాపూర్ వినాయకుడు నిమజ్జనానికి వెళ్ళిపోయినా అట్టు మాత్రం పెనం వదల్లేదు.

ఆ వెంటనే సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి, స్కూలు మూతపడింది. పిల్లల మీద అరవడానికి కూడా లేక, రోజంతా నోరు విప్పకుండానే గడిచిపోయేది. నల్లా దగ్గర అండాలమ్మ కనిపించకపోతే, మొహం చాటేస్తోందనుకుంది. చివరికి పెనంతోనే మాట్లాడటం మొదలుపెట్టింది. "రావే తల్లీ, ఒక్కటి రా" అని బతిమాలేది.

ఒక పొద్దున వచ్చింది. అంచులు వాటంతట అవే లేచాయి. అట్లకాడ పెట్టగానే అట్టు నిండుగా కదిలింది, ఒక్క చిరుగు లేదు. పళ్ళెంలో వేసుకుని, పైన చెంగు కప్పి, గబగబా మెట్లు దిగింది. అండాలమ్మ కోడలు స్వరూపరాణి తలుపు తీసింది.

"అత్తమ్మ లేదు పంతులమ్మా. సమ్మె షురూ కాకముందే మా ఆడిబిడ్డ పెద్ద అంబర్‌పేట్‌కు తోల్కపోయింది. మోకాళ్ళు పట్టేసి మీదికి ఎక్కుడు అయితలేకుండె. ఇగ ఆడనే ఉంటదట."

సూర్యప్రభ పళ్ళెం మీంచి చెంగు తీసేసింది. స్వరూపరాణి పళ్ళెం వంక చూసింది.

"పొయ్యేముందు గిదే అడిగింది. నేను పోయి తెస్తనంటే ఒద్దన్నది. 'ఆమెనే తెస్తది. అట్టు మాడిన వాసన రోజు ఒస్తనే ఉన్నది. చినిగిందైతేంది, పట్కరావొచ్చు గద? నోట్ల ఏస్కున్నంక నిండుగుంటదా' అన్నది. శానా సేపు గీ మెట్ల కాడనే కూసున్నది."

సూర్యప్రభ పళ్ళెంతోనే రోడ్డుదాకా వెళ్ళింది. ఆపగా ఆపగా ఒక ఆటో ఆగింది. "పెద్ద అంబర్‌పేటా? హైవే మీద రాస్తారోకో ఉంది మేడం, ఇయ్యాల పోనియ్యరు" అని అతనూ వెళ్ళిపోయాడు.

తిరిగొచ్చి కింది మెట్టు మీద కూర్చుంది. చల్లారిపోయిన అట్టును తుంచుకుని తినసాగింది. అంత మంచి అట్టు ఆవిడ జన్మలో వేయలేదు. ఆ మాట చెప్పుకునే మనిషి లేదని ఏడుపొచ్చింది. చివరి తునక తీసేసరికి, దాని కింద అండాలమ్మ పేరు కనిపించింది.