సత్తమ్మత్త ఉతికిన అరవై అంగీలు

నాచారంల నా టైలర్ దుకాణం ముంగట గడప ఉన్నది సూడు, అది పేరుకే నాది. పదిహేనేండ్ల సంది పగటీలి దాని మీద కూసోని మంచినీళ్లు తాగేది సత్తమ్మత్త. నాకు సొంత అత్త గాదు, గల్లీ మొత్తానికి అత్త. నెత్తి మీద గంప, గంపల స్టీలు గిన్నెలు, సంకల పాత బట్టల మూట. "పాత బట్టలకు స్టీలు సామాన్" అని ఆమె ఒర్రుకుంట వస్తే హబ్సిగూడ నుంచి మల్లాపూర్ దాక ఆడోళ్లు తలుపులు తీసేటోళ్లు. రెండు ప్యాంట్లకు టిఫిన్ డబ్బా, పట్టుచీరకు మూతున్న గిన్నె. బేరంల ఆమెను గెలిసినోళ్లను నేనింక సూడలే.

తర్వాత ఫోన్ల ఆర్డరిస్తే సామాన్లు ఇంటికే తెచ్చే కంపెనీ వచ్చింది. మేము దాన్ని అట్టడబ్బాల కంపెనీ అంటం. బెల్లు కొట్టి గిన్నె చేతిల వెట్టి పోతుంటే, సత్తమ్మత్తతోని బేరమాడే తీరిక ఎవరికుంటది? పొద్దున ఎత్తిన గిన్నెలు పొద్దుమూకి గట్లనే ఇంటికి వస్తున్నయి. సత్తమ్మత్త బిడ్డ పద్మశ్రీ ఇగ ఊకోలే. హబ్సిగూడల ఒక అపార్ట్‌మెంట్ల ఊడ్సే పని మాట్లాడి, ఒకటో తారీఖు నుంచి రమ్మన్నరని చెప్పింది.

"ఒకరి కింద ఎన్నడు జెయ్యలే త్రివేణీ," అన్నది సత్తమ్మత్త నీళ్ల చెంబు పక్కకు వెట్టి. "గంప దించితే నేను ఏం మనిషిని?"

నాకు కడుపు మండింది. అపార్ట్‌మెంట్ మీదనో, అట్టడబ్బాల మీదనో నాకే తెల్వదు. ఆ దినం ఒక గిరాకి బ్లౌజు చెయ్యి ఉల్టా కుట్టిన.

మర్నాడే దుకాణంలకు ఒక పోరి వచ్చింది. పేరు హరిణి, విజయవాడ దిక్కు మాట. గదే అట్టడబ్బాల కంపెనీ ఇప్పుడు సొంతంగ సినిమాలు, సిరీస్‌లు గుడ తీస్తున్నదట. ఈ పిల్ల అండ్ల బట్టలు సూసుకునే పని జేస్తది.

"చీపుర్లు అమ్మేటోళ్లకు సినిమాలెందుకమ్మా?" అన్న.

"సిరీస్ చూడ్డానికి వచ్చినవాళ్లు పనిలో పనిగా చీపురు కూడా కొంటారక్కా," అని నవ్వింది.

కథ మన నాచారందేనట. ముప్పై ఏండ్ల కింద ఒక ఫ్యాక్టరీల జరిగిన సమ్మె. మా వెనక గల్లీల మూతవడ్డ ఫ్యాక్టరీల సోమవారం నుంచి షూటింగు. సంచిల నుంచి ఖాకీ అంగీలు తీసి బల్ల మీద కుప్ప వోసింది. అన్ని వాళ్ల కంపెనీలనే కొన్న కొత్తవి.

"ఇవి పాతగా కనపడాలక్కా. టీ నీళ్లలో నానబెట్టాం, గరుకు కాగితంతో రుద్దాం. మా డైరెక్టర్‌గారు చూసి విసిరికొట్టారు. మీరేమైనా అక్కడక్కడ చింపి కుట్టగలరా?"

గడప మీదికెల్లి సత్తమ్మత్త చెయ్యి చాపి ఒక అంగి అందుకున్నది. ఏండ్ల సంది చేసే పనే గద, కాలర్ మలిపి సూసింది, సంకల కాడ సూసింది. "గిది గోడకు రాకిన కొత్త అంగి బిడ్డా. ఎవ్వరు తొడుక్కోలే," అని ఇటు విసిరింది.

హరిణికి రోషమొచ్చినట్టుంది. సత్తమ్మత్త మూటల నుంచి ఒకటి గుంజి, "మరి ఇదెవరు తొడుక్కున్నారో చెప్పండి," అన్నది.

"లేత్ మిషన్ మీద పని జేసేటాయన. పొట్ట కాడ సూడు, మిషన్‌కు ఆనుకొని ఆనుకొని బట్ట పల్చవడ్డది. ఖాకీ అంగికి గుండీలు తెల్ల దారంతోని కుట్టుకున్నడు, ఇంట్ల ఆడమనిషి లేదు. హమాలీదైతే కుడి భుజం పోతది. గుమాస్తాదైతే మోచెయ్యి పోతది. మనిషి పోయిన దిక్కే బట్ట పోతది, టీ నీళ్లతోని పోతదా?"

ఆ పిల్ల వచ్చి గడప మీద, సత్తమ్మత్త పక్కనే కూలవడ్డది. గసొంటియి అరవై అంగీలు కావాలెనట, శుక్రవారానికి. అవి నచ్చితే ఇగ ముందు తీసే సిరీస్‌లకు గుడ పాత బట్టలన్ని సత్తమ్మత్త దగ్గరనే తీసుకుంటమన్నది. అంటే గంప దించే పనే ఉండదు. నేను సత్తమ్మత్త దిక్కు సూసిన. ఆమె అప్పటికే లేసి గంప ఎత్తుకున్నది.

ఆ నాలుగు దినాలు ఏం తిన్ననో, ఏం వండిన్నో నాకు యాదికి లేదు. నా మొగడు ఉపేందర్ ఆటో నడుపుతడు. ఆ ఆటోల మల్లాపూర్, మౌలాలి, ఉప్పల్ అన్ని తిరిగినం. పాత కార్మికుల ఇండ్లల్ల ట్రంకుపెట్టెలు తెరిపించింది సత్తమ్మత్త. గురువారం పగటీలికి అరవై అంగీలు నా దుకాణంల ఉన్నయి. గ్రీసు మరకలు, చెమట చారలు, చిరుగులు. నాకైతే సిగ్గయింది.

"గింత పెద్ద కంపెనీకి గిట్లనే ఇస్తమా అత్తా?" అన్న.

"ఛీ, ఎట్లిస్తం? మన పరువేం గావాలె," అన్నది.

ఇగ సూడు. గల్లీల ఆడోళ్లందరం నల్లా కాడ కూసున్నం. సబ్బు, సోడా, బ్రష్షు. గంజి వెట్టినం. గుండీలు లేనికాడ నేను కొత్త గుండీలు కుట్టిన, చిరుగులకు కండ్లకు ఆననంత సన్నగ మాసికలేసిన. ఇస్త్రీ జేసి మడతవెడితే పెండ్లికి పెట్టే బట్టల లెక్క ఉన్నయి. నా పనితనం సూసి నేనే మురిసిన.

శుక్రవారం పొద్దున హరిణి వచ్చి పై అంగి విప్పింది, రెండోది విప్పింది. పదోదాని కాడ ఆగింది.

"ఉతికేశారా?" అన్నది. "ఆ మరకలే కదమ్మా నాకు కావలసింది. సోమవారం పొద్దున ఆరింటికి షాట్. వీటికి మళ్ళీ టీ నీళ్లు పోస్తే నా ఉద్యోగం ఊడుతుంది."

నా బుద్ధికి నిప్పు వెట్టాలె. ఉతుకుదామని తీసింది నేను. సత్తమ్మత్త మడతలన్ని మల్ల మూట గట్టింది. తర్వాత నా దుకాణం మూలకున్న తన గంప దిక్కు సూసింది. అండ్ల అమ్ముడువోని డబ్బాలు, గిన్నెలు.

"సోమవారం పొద్దున గద బిడ్డా. ఇంక మూడు దినాలున్నది. ఉపేందర్, మా ఇంట్ల ఉన్న సామాను గుడ ఆటోల ఎయ్యి," అని బయట ఆటో కాడున్న నా మొగనికి చెప్పింది.

మల్లాపూర్ కార్ఖానాల షెడ్ల కాడ ఆటో ఆపించింది. లేత్ పని చేసే ముసలాయన బుచ్చిరాములు అప్పుడే టీ తాగుతున్నడు. పొట్ట కాడ పల్చగున్న అంగి ఆయన ఒళ్లె వేసింది.

"ఇది తొడుక్కొని ఐతారం దాక పని జెయ్యి అన్నా. ఉతకొద్దు. నేనొచ్చి తీస్కపోయేటప్పుడు టిఫిన్ డబ్బా ఇస్త."

"తొడుక్కున్నందుకు డబ్బానా?" ఆయన అంగి అటిటు తిప్పి సూసిండు. "ఏందక్కా, అండ్ల ఏమన్న మందు జల్లినవా?"

"సబ్బు జల్లిన, అదే తప్పయింది," అన్నది సత్తమ్మత్త.

షెడ్డంత నవ్వింది. అర్ధగంటల లైను కట్టిన్రు. నేను ఇచ్చుకుంట పోతుంటే సత్తమ్మత్త నా చెయ్యి మీద ఒక్కటేసింది. లేత్ అంగి లేతాయనకే, హమాలీ అంగి హమాలీకే, ఎవరి బరువు వాళ్లదేనట. ముప్పై ఏండ్లు బట్టలు తీస్కొని గిన్నెలిచ్చిన మనిషి, ఇప్పుడు బట్టలూ ఇస్తున్నది, గిన్నెలూ ఇస్తనంటున్నది. నాకు నవ్వొస్తున్నది, భయమైతున్నది.

ఐతారం పొద్దుమూకి మల్ల పోయినం. ఒక్కొక్క అంగి చేతికొస్తుంటే నేను ముక్కు మూసుకున్న, సత్తమ్మత్త మాత్రం వాసన సూసి మురిసింది. యాభై తొమ్మిది వచ్చినయి. అరవయ్యోది షెడ్ల ఎనక ఇంట్ల ఉండే సారలమ్మ మొగనికి ఇచ్చినం. ఆమె వాకిట్ల తీగ మీద అంగి నీళ్లు కారుకుంట ఉన్నది.

"మాసిన బట్ట ఎట్లియ్యాలె అక్కా, సిగ్గుగాదా?" అన్నది సారలమ్మ.

ఆ సిగ్గు మాకు తెలిసిందే. సత్తమ్మత్త డబ్బా ఆమె చేతిల వెట్టి, వెనక్కి తిరిగి నా మొగని దిక్కు సూసింది. ఆయన ఒంటి మీద ఖాకీ అంగి, ఎనిమిదేండ్ల ఆటో దుమ్ము.

"అత్తా, వద్దు," అన్నడు ఉపేందర్.

బనీను మీదనే ఇంటి దాక ఆటో నడిపిండు. గల్లీ మొత్తం సూసింది.

సోమవారం ఆరింటికి ఫ్యాక్టరీ గేటు కాడ మూట విప్పినం. డైరెక్టరట, టోపీ పెట్టుకున్నాయన, ఒక అంగి ఎత్తి కాలర్ కాడ ముక్కు వెట్టిండు. మళ్ల ఇంకోటి. "ఇవెవరు తెచ్చారు?" అన్నడు. నా వెనక నక్కిన సత్తమ్మత్తను హరిణి చెయ్యి వట్టుకొని ముందరికి గుంజింది. ఆయన రెండు చేతులు జోడించిండు. వచ్చే నెల ఇంకో కథకు దవాఖానాల రోగులవి నూరు చీరలు కావాలె, తెస్తావా అమ్మా అన్నడు.

"తెస్త గని సారు," అన్నది సత్తమ్మత్త, "ఉతికినవా, ఉతకనివా?"

గక్కడికెల్లే పద్మశ్రీకి ఫోన్ జేసి, ఒకటో తారీఖుకు ఊడ్సేదానికి ఇంకెవర్నన్న సూసుకోమని చెప్పుమన్నది. ఆమె చేతిల ఖాళీ గంప ఉన్నది. గంప అడుగు నేను గదే మొదటిసారి సూసుడు.

ఆరు నెలలకు సిరీస్ వచ్చింది. దుకాణంల నా ఫోన్ల అందరం సూసినం. సమ్మె జేసేటోళ్లు గేటు దిక్కు నడిసొస్తుంటే సత్తమ్మత్త యాక్టర్ల మొఖాలు సూడలే. "గది బుచ్చిరాములుది. గా ఎనకది ఉపేందర్‌ది," అని అంగీలనే వేలు వెట్టి సూపెట్టింది. నాకు కండ్లల్ల నీళ్లొచ్చినయి.

అంతల ఫోన్ అడుగున ఒక అమ్మకం బొమ్మ వచ్చింది. గసొంటి అంగీలే, మరకలతోని, చిరుగులతోని, అట్టడబ్బాల కంపెనీ అమ్ముతున్నది.

"ఇవెవరు తొడుక్కున్నయి?" అన్నది సత్తమ్మత్త.

"ఎవ్వరు తొడుక్కోలే అత్తా. కొత్తయే. పాతయాటి లెక్క జేసిన్రు."

ఫోన్ కండ్లకు దగ్గర వెట్టుకొని కాలర్ సూసింది, సంకల కాడ సూసింది. నీళ్లు తాగి, గంప నెత్తికెత్తుకున్నది.

"దీనికైతే నేను చెంచా గుడ ఇయ్య," అన్నది.