వెనకవైపు చూసి కొన్న క్యాలిక్యులేటర్

పాలిటెక్నిక్ మొదటి ఏడాది లెక్కల పరీక్షలో నేను తప్పాను. లెక్కలు రాక తప్పి ఉంటే ఇంత ఉక్రోషం ఉండేది కాదు. ఆరోజు హాస్టల్లో పక్క గది అమ్మాయి దగ్గర అరువు తెచ్చుకున్న క్యాలిక్యులేటర్‌తో పరీక్షకు పోయాను. ఆమె దాంట్లో కోణాల కొలతను డిగ్రీల నుంచి రేడియన్లకు మార్చి పెట్టుకుందని నాకు తెలియదు. త్రిభుజం భుజం పొడవు మైనస్‌లో వచ్చింది. పొడవు మైనస్‌లో ఎట్లా ఉంటుందని ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా, దాన్నే రాసి, కింద రెండు గీతలు కూడా కొట్టి వచ్చాను. అరువు సొమ్ము బరువు చేటు అని మా అమ్మ ఊరికే అనదు.

నవంబరులో మళ్లీ రాయాలి. ఈసారీ పోతే పై తరగతికి పంపేది లేదని కాలేజీలో తేల్చి చెప్పారు. ఒక ఏడాది ఇంట్లో కూర్చుంటే నేను మళ్లీ చదువుకు తిరిగిరానని నాకు తెలుసు. మాది ఎమ్మిగనూరులో మగ్గం నేసే ఇల్లు. ఖాళీ చేతులకు అక్కడ పని వెతుక్కోనక్కర్లేదు. అందుకే ఒకే పంతం పట్టాను. ఇకమీదట నాదంటూ ఒక క్యాలిక్యులేటర్ ఉండాలి, దానితోనే ఈ పరీక్ష గట్టెక్కాలి.

హాల్ టికెట్ వచ్చిన వారం నాయన మగ్గం దిగి నాతోపాటు కర్నూలు వచ్చాడు. బురుజు దగ్గర పుస్తకాల అంగడిలో ఒక ముసలి సాయిబు కూర్చుని ఉన్నాడు. నాయన కంటికి ముందు ఆనింది చీరల షావుకారు వాడే రకం. పెద్ద బటన్లు, పెద్ద అంకెలు. "ఇది బాగుండాది కదమ్మీ, స్పష్టంగా కనపడతాండాది" అన్నాడు. దాంట్లో సైన్ లేదు, కాస్ లేదు నాయనా అంటే అవి ఏమిటని అడగకుండా పక్కన పెట్టేశాడు.

నా కళ్లు మాత్రం అద్దాల బీరువాలో ఉన్న ఇంకోదాని మీద ఉన్నాయి. ఎవరో తెప్పించమని చెప్పి తీసుకోకుండా వదిలేసిన గ్రాఫ్ క్యాలిక్యులేటర్ అది. సాయిబు దాన్ని తీసి ఏదో నొక్కాడు. తెర మీద గీత తనంతట తానే లేచి, వంగి, కిందికి దిగింది. నేను గంట కూర్చుని చుక్కలు పెట్టి కలిపే వంపు అది. అది చేతిలో ఉంటే నన్ను తప్పించేవాడు పుట్టలేదనుకున్నాను.

"ఇదే కావాల నాయనా."

నాయన దాన్ని తీసుకుని తెరవైపు చూడనే లేదు. తిప్పి వెనకవైపు చూశాడు. ఆయనకు అదొక అలవాటు. ఏ చీర చేతికిచ్చినా ముందు మడత తిరగేస్తాడు. తెగిన పోగులు, వేసిన ముడులు అన్నీ అక్కడే కనపడతాయి. బజారులో కుండ కొన్నా, పెళ్లి పత్రిక చేతికొచ్చినా అంతే. నాకు తల కొట్టేసినట్టయింది.

"ఏమప్పా, దాని ఎనక ఏముంటాది? బ్యాటరీలు ఉంటాయి" అని సాయిబు నవ్వాడు.

నాయన నవ్వలేదు. "పరీచ్చ కాగితం యాడ? తియ్యి" అన్నాడు. హాల్ టికెట్ ఇచ్చాను. దాన్నీ తిరగేశాడు. వెనక సన్నటి అక్షరాల్లో ఇంగ్లీషు. "ఇది చదివితివా?"

చదవలేదు. ముందువైపు నా ఫోటో బాగా పడలేదని మూడు రోజులు బాధపడ్డాను గానీ, వెనక్కి తిప్పలేదు. అక్కడే నిలబడి చదివాను. ఆరో నిబంధనలో ఉంది: ప్రోగ్రాములు దాచుకునేవి, గ్రాఫులు గీసేవి హాల్లోకి తీసుకురాకూడదు. నా ముఖం మాడిపోయింది. సాయిబు దాన్ని బీరువాలో పెట్టి, మామూలు సైంటిఫిక్‌ది తీశాడు.

నాయన దాని గురించి ఒకే ప్రశ్న వేశాడు. "నేసేటప్పుడు తప్పు పడితే మేము అడ్డం నేసిన పేక పోగు ఎనక్కి తీసి సరిచేస్తాము. దీంట్లో అట్ల ఎనక్కి పోయి సూసుకునేకి అయితాదా?"

సాయిబు బాణం గుర్తున్న బటన్ చూపించాడు. కొట్టిన లెక్క మొత్తం మళ్లీ తెర మీదికి వచ్చింది. "ఇదే కట్టివ్వండి" అన్నాడు నాయన. దారంతా నేను ముఖం పక్కకు తిప్పుకునే నడిచాను. కోపం ఆయన మీద కాదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఆ తర్వాత రోజుకు యాభై లెక్కలు. దసరాకు ఇంటికి పోతే అమ్మ మగ్గానికి, పోగును అటూ ఇటూ తీసుకుపోయే నాడెకు పసుపు కుంకుమ పెడుతూ నా క్యాలిక్యులేటర్‌ను కూడా వాటి పక్కన పెట్టింది. తడి పసుపు వేలితో అంకెల మీదే నాలుగు బొట్లు. "అమ్మా, అది కరెంటు సామాను!" అని అరిచాను. "నీ పనిముట్టు కాదా అది? పొద్దున దాకా ముట్టగాకు" అంది. పనిముట్లకు పూజ చేసిన రోజు మా ఇళ్లలో ఎవరూ వాటిని తాకరు. పళ్లు నూరుతూ ఆ రోజు లెక్కలన్నీ చేత్తోనే చేశాను. జవాబు సుమారుగా ఎంత రావాలో ముందే ఊహించుకోవడం ఆ రోజే అలవాటైంది.

పరీక్షలో మొదట, డిగ్రీల్లోనే ఉందా అని సైన్ ముప్పై కొట్టి చూశాను. సరిగ్గా అర వచ్చింది. ధైర్యంగా దిగాను. నాలుగో లెక్క త్రిభుజమే. ముప్పై డిగ్రీల కోణానికి ఎదురు భుజం కనుక్కోవాలి. నలభై ఐదు డిగ్రీలకు ఎదురుది పది అని ఇచ్చారు. అంటే జవాబు పది లోపు రావాలి. తెర మీద డెబ్బై దాటి వచ్చింది.

పోయినసారి అయితే రాసి రెండు గీతలు కొట్టేదాన్ని. ఈసారి పెన్ను కింద పెట్టాను. బాణం నొక్కి వెనక్కి పోయాను. నలభై ఐదు ఉండాల్సిన చోట ఒట్టి నాలుగు ఉంది. ఐదు అంకె బటన్ సందులో, నేను తుడిచినా పోకుండా మిగిలిన అమ్మ పసుపు ఎండి గట్టిపడి, ఇన్నాళ్లకు సరిగ్గా ఇప్పుడే బటన్‌ను పట్టేసింది. ఒళ్లు మండింది, నవ్వూ వచ్చింది. గోరుతో గీకి, గట్టిగా నొక్కి, మళ్లీ చేశాను. ఏడు పైచిలుకు వచ్చింది. అప్పుడు రాశాను.

మార్కుల మెమో తీసుకుని నేరుగా ఇంటికి పోయాను. నాయన మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తున్నాడు. "నాయనా, పాసైతి" అని చేతికిచ్చాను. చేతులు పంచెకు తుడుచుకుని అందుకున్నాడు. మార్కులు చూడలేదు. ముందు వెనక్కి తిప్పాడు.

ఏమీ లేని ఆ తెల్ల కాగితాన్ని కిందిదాకా చూసి, "బాగుండాది" అన్నాడు.