పాట దాచుకోని పెట్టె

మా అల్లుడు పోయాడు. తోరణగల్లు దగ్గర ఒక గృహప్రవేశంలో గిటారు వాయించి బళ్ళారికి తిరిగి వస్తుంటే, పట్టపగలు, ఇనుపరాయి లారీ అతని బండిని గుద్దింది. చూడవచ్చినవాళ్ళందరూ విధి అంటున్నారు. నేను లారీ అనే అంటాను.

ఆర్కెస్ట్రావాడికి పిల్లనిచ్చామని ఎగతాళి చేసిన బంధువులే, చేతికి గనుల డబ్బు వచ్చాక తమ వేడుకల్లో వాయించమని అతన్ని వెతుక్కుంటూ వచ్చారు. ఇప్పుడు మా ఊళ్ళో కుక్కపిల్లకు పేరు పెట్టినా ఆర్కెస్ట్రా ఉండాలి.

మొదట్లో అతని గిటారుకు బీరువా అంత స్పీకరు పెట్టె ఉండేది. దాన్ని మోయడానికి ఇద్దరు మనుషులు, తీసుకెళ్ళడానికి టెంపో. ఆర్కెస్ట్రావాళ్ళందరూ ఆ టెంపోలోనే వెళ్ళి వచ్చేవారు. తర్వాత బెంగళూరు నుంచి ఒక యంత్రం తెచ్చుకున్నాడు. రొట్టెల పీట కంటే కాస్త పెద్దది. నేలమీద పెట్టి కాలితో మీటలు నొక్కాలి. పెద్ద పెద్ద స్పీకరు పెట్టెల గొంతులన్నీ అదే పలుకుతుంది. దాని తీగను మండపంవాళ్ళ మైకుసెట్టుకు తగిలిస్తే సరిపోతుంది.

"ఇంగ టెంపోతో పని ల్యా అత్తా. సుమ్నె బరువు మోసేదెందుకు? సంచిలో ఏసుకోని బండిమీద పోయొస్తా" అన్నాడు.

ఇంట్లో హెడ్‌ఫోన్లు పెట్టుకుని సాధన చేసేవాడు. మాకు మాత్రం తీగల చప్పుడు టిక్కుటిక్కుమని వినబడేది.

"ఏమప్పా, బియ్యంలో రాళ్ళేరుతున్నావా?" అన్నాను ఒకసారి.

నవ్వి, హెడ్‌ఫోన్లు నా చెవులకు పెట్టి ఒక్క తీగ మీటాడు. ఖాళీ గోదాములో దూరంగా ఎవరో పిలిచినట్టు వినబడింది. నేను వెనక్కి తిరిగి చూశాను.

కుదుర్చుకున్న ప్రతి గొంతుకూ ఒక పేరు పెట్టి అందులో దాచేవాడు. చిన్న తెరమీద ఆ పేరు ఇంగ్లీషు అక్షరాల్లో వెలిగేది. ఎత్తు ఎక్కే లారీలా గరగరమనే గొంతు పేరు తోరణగల్లు. తెరమీది ఆ పేరులో అచ్చులన్నీ ఎగిరిపోయాయి. బడిలో పాఠాలు చెప్పినదాన్ని, ఊరుకోలేక మందలించాను.

"అచ్చులకు జాగా ల్యా అత్తా. ఆ దావంతా లారీలే నిండిపోయినాయి."

ఏమీ కలపని ఉత్త గొంతుకు అత్త అని పేరు పెట్టాడు. "నీ మాదిరే. తీపీ ల్యా, పులుపూ ల్యా. ఉండేది ఉన్నట్టే అంటాది." మా కూతురు నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది.

మీటడం ఆపాక కూడా కాసేపు నిలిచి, మెల్లగా సన్నగిల్లే గొంతు ఒకటుంది. దానికి తన బిడ్డ పేరే, పాప అని పెట్టాడు. ఆమె పుట్టినరోజుకు ఆ గొంతులో ఒక పాట కట్టి వాయిస్తానన్నాడు.

"అయితే పాటలన్నీ దీంట్లోనే ఉంటాయా?" అని అడిగాను.

"పాట ఉండదత్తా. ఇది బోగుణి. చారు మనమే పొయ్యల్ల." హెడ్‌ఫోన్లు మళ్ళీ నా చెవులకు పెట్టి, గిటారుకు తగిలించే తీగను ఊడదీసి, దాని కొసను వేలితో ముట్టాడు. నా చెవుల్లో బుర్రుమంది. "చూస్తివా, మనిషి తగిలితే సాలు, పలుకుతాది."

ప్రమాదంలో గిటారు ముక్కలైంది. సంచిలోని యంత్రానికి గీత కూడా పడలేదు. ఆ పాత పెట్టె బరువే అతన్ని నలుగురితో కలిపి టెంపోలో ఉంచిందని ఇప్పుడు తెలుస్తోంది. బరువు తగ్గాక ఆ లారీల మధ్యకు ఒక్కడే వెళ్ళాడు. యంత్రాన్ని తప్పుపట్టడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

దినం అయిన మరునాడు పాప ఆ యంత్రం ముందు కూర్చుంది. నాయన వాయించినదంతా అందులోనే ఉంటుందని వాళ్ళమ్మ చెప్పిందట. హెడ్‌ఫోన్లు పెట్టుకుని మీటలు ఒక్కొక్కటే నొక్కింది. తోరణగల్లు. అత్త. పాప.

"నా పేరుండాది అవ్వా! ఏం ఇనపడల్యా. నాయిన పాట యాడుండాది?"

పక్క గదిలో మా కూతురు ఏడుపు ఆపి వింటోంది. ఇద్దరికీ వినబడేటట్టు బోగుణి మాట చెప్పాను. పాట లేదని చెప్పాను.

పాప హెడ్‌ఫోన్లు తీయబోయింది. నేల మీద పడి ఉన్న, గిటారుకు తగిలించే తీగ కొసను ఆమె చేతికిచ్చి, వేలు పెట్టమన్నాను.

పెట్టింది. ఉలిక్కిపడి నా వైపు చూసింది. తర్వాత కళ్ళు మూసుకుంది.

బయట లారీలు పోతున్నాయి. నాకు ఇంకేమీ వినబడలేదు. తెరమీద పేరు వెలుగుతూనే ఉంది. పాప వేలు తీయలేదు.