తబస్సుమ్ చేర్చిన గడి

కర్నూలులో ఒక మందుల షాపు పైన కూలీల సహాయ కేంద్రం ఉంది. మూడు గదులు, నాలుగు కంప్యూటర్లు. మిషన్లలో వేళ్లు పోగొట్టుకున్నవాళ్లు, బండల గనుల్లో దుమ్ము మింగి ఆయాసపడేవాళ్లు ఆ మెట్లెక్కి వస్తారు. ఎవరి కేసు ఎంతవరకు వచ్చింది, వాయిదా ఎప్పుడు, ఇంకా ఏ కాగితం కావాలి అన్నదంతా ఒక సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది. అందులో వివరాలు నింపే ఫారాలను ఇక్కడి జనానికి తగ్గట్టు మార్చడం తబస్సుమ్ ఉద్యోగం.

ఆమెకు ముప్పై మూడేళ్లు. రోజూ ఓర్వకల్లు నుంచి బస్సులో వచ్చి పోతుంది. తండ్రి ఇమాం వలి అక్కడ దర్జీ. డిగ్రీ అయ్యాక తబస్సుమ్ ఆరేళ్లు ఒక నెట్ సెంటర్లో కూర్చుని ఊరందరి దరఖాస్తులూ నింపింది. ఒక్క గడి అడ్డం పడితే మనిషి ఎన్నిసార్లు తిరగాల్సి వస్తుందో అక్కడే చూసింది. ఇంటిపేరు లేదని తల్లి దౌలత్ బీ దరఖాస్తు మూడుసార్లు వెనక్కి వచ్చింది. నాలుగోసారి 'షేక్' అని కొడితే వెళ్లిపోయింది. ఆ ఇంట్లో అలా రాసుకునేవాళ్లు ఎవరూ లేరు.

నాలుగేళ్ల కిందట కేంద్రంలో చేరినప్పుడు, హెడ్డాఫీసు నుంచి వచ్చిన ఫారం ముందు కూర్చుని మొదట చేసిన పని, ఎర్ర చుక్కలు తీసేయడం. ఎర్ర చుక్క ఉన్న గడి నింపకపోతే ఫారం ముందుకు కదలదు. ఈమెయిల్ గడికి చుక్క, యజమాని పూర్తి పేరుకు చుక్క, భర్త పేరుకు చుక్క. కూలికి పోయే మనిషికి యజమాని పేరు తెలియదు, పిలిచిన మేస్త్రీ తెలుసు. అందుకని ఆ గడిని 'పనికి పిలిచింది ఎవరు?' అని మార్చింది. పుట్టిన తేదీ పక్కన 'సుమారు వయసు' పెట్టింది. గంట పట్టే పని పావుగంటకు వచ్చింది.

"మా తబస్సుమ్ బండరాయి చేత కూడా ఫారం నింపిస్తుంది" అనేవాడు కేంద్రం నడిపే భూపేష్.

"రాయికి ఫోన్ నంబరుండాల సార్, అంతే" అనేది ఆమె.

రెండేళ్ల కిందట హెడ్డాఫీసు నుంచి ఒక మాట వచ్చింది. తెరిచి ఉన్న కేసులు మరీ ఎక్కువగా ఉన్నాయి, తగ్గించండి అని. భూపేష్ తబస్సుమ్‌ను అడిగాడు. ఆమె ఒక పూటలో ఫారం వెనక ఒక నియమం కట్టింది. వేర్వేరు రోజుల్లో మూడుసార్లు ఫోన్ చేసినా ఎత్తకపోతే కేసు దానంతట అదే మూతపడుతుంది. కారణం గడిలో 'దరఖాస్తుదారుకు ఆసక్తి లేదు' అని పడుతుంది. వకీలు చేతికి ఇచ్చే వాయిదాల జాబితాలోంచి ఆ పేరు తొలగిపోతుంది. కేసుల సంఖ్య తగ్గింది. హెడ్డాఫీసు మెచ్చుకుంది. తబస్సుమ్ కూడా సంతోషించింది. ఆ సంగతి ఆమె తర్వాత ఎవరి దగ్గరా దాచలేదు.

ఏప్రిల్ మూడో వారంలో జీవమ్మ వచ్చింది. ఆదోని అవతల పల్లె ఆమెది. యాభై దాటిన మనిషి. రెండేళ్ల కిందట శనక్కాయల మిషన్లో కుడిచేతి మూడు వేళ్లు పోయాయి. మిషన్ ఆసామి నుంచి పరిహారం కోసం కేంద్రమే కార్మిక అధికారి దగ్గర కేసు వేయించింది.

"నా వాయిదా ఎప్పుడు పాపా?" అని అడిగింది, చెయ్యి కొంగులో చుట్టుకుని కూర్చుంటూ.

తబస్సుమ్ కేసు నంబరు కొట్టి, తెర మీద ఉన్నది ఉన్నట్టు చదివింది. కేసు మూసివేయబడింది. దరఖాస్తుదారుకు ఆసక్తి లేదు.

"ఎవురికి?"

తబస్సుమ్ నంబరు మళ్లీ కొట్టి చూసింది. అదే వచ్చింది.

"ఆసక్తి ల్యాదని నేను ఎవురితో అంటి? ఆసక్తి ల్యాకుంటే రెండు బస్సులు మారి ఈడికి యాలొస్తా పాపా?"

"మూడుసార్లు ఫోన్ చేసినారు పెద్దమ్మా. ఫిబ్రవరిలో. ఎవరూ ఎత్తలేదు."

"ఫిబ్రవరిలో సుగ్గిలో ఉంటి గదా."

వానకారు పంట ఇంటికి చేరాక ఆ వైపు పల్లెల్లో పని ఉండదు. ఇళ్లకు బీగాలు వేసి, బియ్యం మూటలతో, పసిపిల్లలతో లారీలెక్కి గుంటూరు మిరప చేలకు పోతారు. అదే సుగ్గి. కర్నూలు నుంచి వంద కిలోమీటర్ల దూరంలో సగం ఊర్లు ఖాళీ అవుతాయి. కర్నూలులో కూర్చుని ఫారాలు తయారుచేసేవాళ్లకు మాత్రం పన్నెండు నెలలూ ఒకే ఇంట్లో ఉండి, జేబులో ఫోన్ పెట్టుకుని తిరిగే మనిషే గుర్తొస్తాడు. తబస్సుమ్‌కూ అతనే గుర్తొచ్చాడు. ఓర్వకల్లు నుంచి సుగ్గికి పోయేవాళ్లను ఆమె ఎప్పుడూ చూడలేదు.

"ఈ చేత్తో మిరపకాయలెట్ల తెంపుతావు పెద్దమ్మా?"

"ఇంకా రెండు వేళ్లుండాయి గదా. తొడిమకాడ పట్టుకుంటే సాలు."

"మరి ఫోను?"

"నిస్సీ కాడ ఉండాది. నా కూతురు, తొమ్మిది సదువుతాంది. ఇస్కూలుకు పోయేటప్పుడు పెట్టెలో పెట్టి బీగమేస్తాది. తెలీని నంబరొస్తే ఎత్తొద్దని నేనే చెప్పింటి. ఆడపిల్ల గదా."

మూడు ఫోన్లూ పగలు పదకొండుకూ ఒంటిగంటకూ మధ్య చేసినవే. అప్పుడు ఫోన్ పెట్టెలో ఉంది.

జీవమ్మ పేరు లేని జాబితా పట్టుకుని కేంద్రం వకీలు జయకుమార్ మార్చిలో కార్మిక అధికారి కార్యాలయానికి పోయాడు. ఆమె కేసు పిలిచినప్పుడు ఎవరూ పలకలేదు. అధికారి కొట్టేశాడు. అది ఆయన తప్పు కాదు, పలికే మనిషి లేకపోతే అదే జరుగుతుంది. మళ్లీ తెరవమని అడగడానికి వకీలు లెక్క ప్రకారం ఇంకా ఎనిమిది రోజులే ఉన్నాయి. దాటితే రెండేళ్ల తిరుగుడు అంతటితో సరి.

ఆ సాయంత్రం తబస్సుమ్, భూపేష్, వకీలు ముగ్గురూ కూర్చున్నారు. చెప్పకుండా ఊరు వదిలి పోయింది కాబట్టి రాలేకపోయిందని రాద్దామన్నాడు భూపేష్.

"అట్ల రాస్తే అధికారి మళ్లీ కొట్టేస్తాడప్పా" అన్నాడు జయకుమార్. "నీ కేసు నీకు పట్టకపోతే నాకెందుకంటాడు. నేను లిస్టు చూసి పోతా. లిస్టులో పేరు లేదు, కాబట్టి పలకలేదు. ఆ మాట మీలో ఎవరో ఒకరు సంతకం పెట్టి చెప్తే నిలబడతాది."

"మన తప్పని మనమే రాసిస్తే హెడ్డాఫీసు ఊరుకుంటుందా?" అని భూపేష్ తబస్సుమ్ వైపు తిరిగాడు. "ఆ రూలు కట్టింది నువ్వే. పేరు నీదే పోతాది."

"పోనీ సార్. నేను ఇంకో చోట దరఖాస్తులు నింపుకుంటా. ఆమెకు వేళ్లు పోయింది ఒకసారే. కేసు ఇంకోసారి యాడ ఏసుకుంటాది?"

భూపేష్ పెన్ను మూత తీశాడు. "ఆ రూలు కట్టమన్నది నేను గదా" అన్నాడు. "నా సంతకం కూడా కింద పెట్టు."

మర్నాడు తబస్సుమ్ తన ప్రమాణపత్రం తనే రాసింది. ఒక పేజీ. తను కట్టిన నియమం ఏమిటి, అది జీవమ్మను అడగకుండా ఆమె తరఫున ఏం చెప్పింది, అంతే. క్షమాపణల్లాంటివి ఏమీ లేవు. దరఖాస్తు గడువులోపలే పడింది.

తర్వాత జీవమ్మను పక్కన కూర్చోబెట్టుకుని ఫారం తెరిచింది. 'వలస పోతారా?' అని ఒక గడి కట్టి చదివి వినిపించింది.

"అట్ల అడిగితే ఎవురూ అవునన్రు పాపా. వలసంటే ఊరిడిసిపెట్టి పోయినట్ల. మేం పోయొస్తాం. సుగ్గికి పోతారా అని అడుగు."

"ఏ నెల పోతారని అడగాల్నా?"

"నెలలు ఎవురికి తెలుసు? ఏ పండగ అయినాక పోతారో అడుగు. మా వాళ్లు క్రిస్మసు అంటారు, మీ వాళ్లు రంజానంటారు. నువ్వే లెక్కేసుకో, సదువుకున్నావు గదా."

అలా అయిదు గడులు వచ్చాయి. సుగ్గికి పోతారా. ఏ పండగ తర్వాత. ఎవరి మేస్త్రీతో, ఆయన నంబరు ఏది. ఊళ్లో ఉండేది ఎవరు. ఫోన్ ఏ వేళ ఎత్తుతారు. 'ఆసక్తి లేదు' అన్న మాటను దానంతట అది పడే కారణాల్లోంచి తీసేసింది. ఎవరికైనా నిజంగా ఆసక్తి లేకపోతే, ఆ మనిషే చెప్పాలి, ఎవరు విన్నారో పేరు రాయాలి. పాత నియమం కింద చలికాలంలో మూతపడిన కేసులు అరవై మూడు బయటపడ్డాయి. జీవమ్మలాగా వాయిదా తప్పినవి నాలుగు. వాటిలో రెండింటికి గడువు దాటిపోయింది. ఆ ఇద్దరి ఊర్లకూ తబస్సుమ్ స్వయంగా పోయి చెప్పింది. ఒకాయన మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. ఆయన కోపం న్యాయమైనదేనని ఆమె ఇప్పటికీ అంటుంది.

సంజాయిషీ అడుగుతూ హెడ్డాఫీసు ఉత్తరం పంపింది. తబస్సుమ్ ప్రమాణపత్రం నకలే జవాబుగా పంపింది. అటునుంచి ఇంకా ఏమీ రాలేదు.

జూలైలో దరఖాస్తు విచారణకు వచ్చింది. అధికారి ఆ ఒక్క పేజీని రెండుసార్లు చదివాడు.

"ఈ తబస్సుమ్ ఎవరు?"

ఆమె లేచి నిలబడింది.

"ఈమెకు ఆసక్తి లేదని కంప్యూటర్ రాసిందా?"

"నేను రాయించినాను సార్."

మిషన్ ఆసామి తరఫు వకీలు ఏదో అనబోయి కూర్చున్నాడు. అధికారి కేసు తిరిగి తెరిచాడు. గుమస్తా పుస్తకం తిప్పి, వాయిదా నవంబరు పద్నాలుగు అన్నాడు. జయకుమార్ రాసుకున్నాడు. తబస్సుమ్ నోరు తెరిచేలోపే వెనకనుంచి జీవమ్మ లేచింది.

"సార్, నవంబర్లో అయితే నేనుండను. ఈసారి పత్తికి తొందరగా పిలుస్తాండారు. దసరా అయితానే మేస్త్రీ లారీ వస్తాది."

అలా మధ్యలో మాట్లాడకూడదన్నట్టు గుమస్తా చూశాడు. అధికారి పుస్తకం తన వైపు తిప్పుకుని పేజీలు వెనక్కి తిరగేశాడు.

"సెప్టెంబరు తొమ్మిది. ఉంటావా?"

"ఉంటా సార్. ఎన్నింటికి రావాల? మా బస్సు పదిన్నరకు గానీ దిగదు."

"పదకొండుకు రామ్మా" అని ఆయన తర్వాతి ఫైలు తీసుకున్నాడు.