రెండో టెలిగ్రామ్

నా చిన్నప్పుడు, సిడ్నీలో మా టూంగాబీ వీధి మొత్తానికి మాదొక్కటే తెలుగు ఇల్లయిన రోజుల్లో, నేను మా నాన్నతో ఇరవై రోజులు మాట్లాడలేదు. నాకప్పుడు పదకొండేళ్లు. ఇప్పుడు అరవై దగ్గరపడ్డా ఆ సంగతి తలుచుకుంటే ముందు కోపమే వస్తుంది. అయితే ఆ కోపం ఎవరి మీదన్నది మాత్రం మారింది.

మావాళ్లలో అప్పట్లో ఒక దిక్కుమాలిన అలవాటు ఉండేది. దూరాన ఉన్నవాడు పిలిస్తే రాడనుకుంటే, ఇంట్లో ఎవరికో సీరియస్‌గా ఉంది, వెంటనే బయలుదేరు అని టెలిగ్రామ్ కొట్టేవారు. సెలవు దొరకలేదని నాన్న ఉత్తరం రాసినా వినకుండా, మా పెదనాన్న తన కూతురి పెళ్లికి ఆయన్ని అలాగే రప్పించాడు. మా తాతయ్యకు సీరియస్ అని రాశాడు. నాన్న తను పనిచేసే వర్క్‌షాప్‌లో పైవాళ్ల కాళ్లావేళ్లా పడి, దారి పొడవునా అన్నం ముట్టకుండా కాకినాడ చేరాడు. తీరా చూస్తే తాతయ్య పెళ్లిపందిట్లో దర్జాగా కూర్చుని తాంబూలం నములుతున్నాడట. అలా రాయకపోతే నువ్వొస్తావా అంటూ అందరూ ఒకటే నవ్వడం. నాన్న నవ్వలేదు. తిరిగొచ్చాక, ఇక జన్మలో అలాంటి కాగితాన్ని నమ్మనని అమ్మ దగ్గర ఒట్టేశాడు.

రెండేళ్లకు రెండోది వచ్చింది. ఈసారి సీరియస్ మా బాబాయికి. మేమిక్కడికి రాకముందు నన్ను భుజాల మీద ఎక్కించుకుని బడికి తీసుకెళ్లింది ఆయనే. అప్పుడాయనకు సంబంధాలు చూస్తున్నారు. నాన్న ఆ కాగితం చదివి, "వీడి పెళ్లికీ ఇదే నాటకమా" అని నిలువునా చించేశాడు. కాకినాడలో ఫోన్ ఉన్న వకీలు గారింటికి చేసి కనుక్కుందామని అమ్మ రెండుసార్లు అంది. అక్కర్లేదన్నాడు.

మూడు వారాలకు ఉత్తరం వచ్చింది. కామెర్లు ముదిరి బాబాయి పోయాడు. చివరి నాలుగు రోజులూ గుమ్మం వైపే చూస్తూ, అన్నయ్య వచ్చాడా అని అడుగుతూనే ఉన్నాడట. రాసింది పెదనాన్నే. అంతా రాత, ఎవరేం చేయగలం అని చివర్లో ఒక ముక్క చేర్చాడు. పెళ్లికి అబద్ధం రాసిన చేత్తోనే, సిగ్గయినా లేకుండా, ఆ మాటా రాశాడు.

నేను నాన్న ముందు నిలబడి ఇంగ్లీషులోనే అన్నాను: "ఐ హేట్ యూ, నాన్నా. యూ డిడంట్ ఈవెన్ కాల్." ఆ రోజు నుంచి ఆయన పిలిస్తే పలకలేదు, ఆయన పళ్లెం పక్కన పళ్లెం పెట్టుకోలేదు.

బడి అయ్యాక అమ్మ పని నుంచి వచ్చేదాకా నేను పక్కింటి గ్రీకు ఆంటీ దగ్గర ఉండేదాన్ని. వాళ్ల దేశంలో ఆవిడ టీచరట. ఇక్కడ ఇంట్లో బట్టలు కుట్టేది, శనివారాలు చర్చి హాలులో వాళ్ల పిల్లలకు గ్రీకు నేర్పి నాటకాలు వేయించేది. ఒకరోజు నా ముడుచుకున్న మూతి చూడలేక ఏమైందని అడిగింది. కడుపులో ఉన్న కోపమంతా వెళ్లగక్కాను. ఆవిడ ఓదార్చలేదు. సరే, దీన్ని నాటకం చేద్దాం, మీ నాన్న వేషం నీది అంది. ఆ మనిషి వేషం నేను వెయ్యనని మొండికేశాను. దుర్మార్గుణ్ణి దుర్మార్గుడిలాగే చూపించు, ఎవరొద్దన్నారు అంది. అదేదో బాగుందనిపించింది.

కొలతలు గీసుకునే కాగితంలోంచి ఒక ముక్క చింపి నా చేతికిచ్చింది. నేనే మా నాన్ననైనట్టు, మీ నాన్నకు సీరియస్ అంది. ద్రాక్షపందిరి కింద ఈ చివర నుంచి ఆ చివరకు నన్ను ఇరవైసార్లు పరిగెత్తించింది. అది ప్రయాణమట. రొప్పుతూ ఆగేసరికి, ఎదురుగా కుర్చీలో కూర్చుని నా మొహంలోకి చూస్తూ పగలబడి నవ్వింది. నటనే అని తెలుసు, అయినా ఒళ్లు మండిపోయింది. ఆ నవ్వు ఆగకముందే ఇంకో ముక్క చేతిలో పెట్టి, మీ తమ్ముడికి సీరియస్ అంది.

నేను దాన్ని నిలువునా చించేశాను.

చించాక గానీ నేనేం చేశానో నాకు తెలియలేదు. రెండు చేతుల్లోనూ చెరో ముక్క ఉంది.

ఆవిడ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. ఆవిడ వచ్చీరాని ఇంగ్లీషును నా తెలుగులో చెబుతున్నాను. మంచి విషాద నాటకం ఎలా ఉండాలో వాళ్ల పూర్వులు ఎప్పుడో తేల్చి చెప్పారట. చెడ్డవాడు పడిపోతే చూసేవాళ్లకు సంతోషమే తప్ప జాలి ఉండదు. ఏ తప్పూ చేయనివాడు పడిపోతే అసహ్యం వేస్తుంది. మనలాంటివాడు, మరీ మంచీ మరీ చెడూ కానివాడు, ఒక పొరపాటు చేసి పడిపోవాలి. అప్పుడే అతని మీద జాలి, మన మీద మనకు భయం పుడతాయి.

అంటే మా నాన్న తప్పు లేదా అని నాకు మళ్లీ ఉక్రోషం వచ్చింది. పెదనాన్న ఉత్తరం గుర్తొచ్చి, అంతా రాతేనా అని అడిగాను. ఆవిడ మొహం ఎర్రబడింది. కథ ముడిపడినచోట విప్పడం చేతకాక, చివర్లో దేవుణ్ణి తాళ్లు కట్టి పైనుంచి స్టేజీ మీదికి దింపే నాటకాలూ ఉండేవట. అది చేతకానివాళ్ల పని అని వాళ్ల పెద్దలు ఈసడించుకున్నారట.

"రాత అంటూ తాళ్లతో దేవుణ్ణి దింపకు. కాగితం చించిన చెయ్యి మీ నాన్నదే. కానీ అది నీ చెయ్యి లాంటి చెయ్యే. రెండూ నిజం. ఒకటి చెప్పి రెండోది దాచేవాళ్లను నమ్మకు" అంది.

నమ్మలేదు. ఈనాటికీ నమ్మను. ఇప్పుడు నేనుండే క్వేకర్స్ హిల్‌లో, మా వీధిలో ఏ ఇంటికి పరామర్శకు వెళ్లినా, ఎవరో ఒక అంకుల్ సోఫాలో చేరగిలబడి "అంతా రాసిపెట్టి ఉందమ్మా" అంటాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఎవరు రాశారండీ, ఎప్పుడు రాశారు, మీరు చూశారా అని అడిగేస్తాను. మా పిల్లలు నన్ను అలాంటిచోట్లకు తీసుకెళ్లడానికి జంకుతారు. ఇంకో రకంవాళ్లు ఉన్నారు. ఒకణ్ణి పట్టుకుని, వాడొక రాక్షసుడు అని తేల్చేసి హాయిగా నిద్రపోతారు. వీళ్లు రాతవాళ్లకంటే ఏమాత్రం నయం కాదు. ఇరవై రోజులు నేనూ ఆ జాబితాలోనే ఉన్నాను.

ఆ సాయంత్రం ఇంటికెళ్లేసరికి నాన్న పెరట్లో కొత్తిమీర మడికి పైపుతో నీళ్లు పోస్తున్నాడు. మడి ఎప్పుడో నిండింది, నీళ్లు పొంగి ఆయన చెప్పుల మీదుగా పోతున్నాయి. నేను వెళ్లి కుళాయి కట్టేశాను. ఇరవై రోజుల తర్వాత మొదటి మాట ఎలా మొదలుపెట్టాలో తెలియక, ఉన్నదున్నట్టు చెప్పేశాను.

"నాన్నా, నేనైనా వెళ్లుండేదాన్ని కాదు."

ఆ మాట పట్టుకుని ఆయన తప్పించుకోవచ్చు. చూశావా, నువ్వే అన్నావుగా అనవచ్చు. అలా అంటాడేమోనని నాకు లోపల భయం కూడా.

"కానీ వెళ్లాల్సింది కదమ్మా" అన్నాడు.

మా నాన్న పోయి పదకొండేళ్లయింది. నా జీవితంలో నేను చేసిన తప్పులు కొన్ని ఉన్నాయి, ఇక్కడ చెప్పుకునేవి కావు. వాటిలో ఏ ఒక్కటీ నేను రాత మీదికి నెట్టలేదు. నెట్టాలనిపించిన ప్రతిసారీ, తడిసిన చెప్పులతో నిలబడి ఆ ఒక్క మాట అన్న మనిషి కూతుర్ని కదా అని ఆగిపోయాను.