దీప్తికి ఎన్నొచ్చినాయి?

ప్రొద్దుటూరులోని ఆ ప్రైవేటు జూనియర్ కాలేజీకి ప్రిన్సిపాలున్నాడు, ఆయన మీద డీన్ అని ఇంకొకాయన ఉన్నాడు, ర్యాంకులొచ్చిన పిల్లల ఫోటోలు గోడ నిండా ఉన్నాయి. కానీ చుట్టుపక్కల పల్లెల్లో ఉండే తల్లిదండ్రులకు కాలేజీ అంటే జైనబ్ గొంతే. ఆదివారం పిల్లలకు పరీక్ష. సోమవారం మధ్యాహ్నానికి మార్కులు కంప్యూటర్లో ఎక్కుతాయి. అప్పుడు ఆఫీసు గదిలో కిటికీ పక్కన కూర్చుని, ఒక్కో ఇంటికీ ఫోన్ చేసి, మీ బిడ్డకు ఇన్ని వచ్చాయని చెప్పడం ఆమె ఉద్యోగం. మెసేజీలు కూడా పోతాయి గానీ, చేలో కలుపు తీసే తల్లికి మెసేజీ ఎవరు చదివి పెడతారు?

జైనబ్‌ది జమ్మలమడుగు. భర్త కువైట్‌లో డ్రైవరు. పొద్దున్నే బస్సెక్కి వస్తుంది, సాయంత్రం బస్సుకు పోతుంది. మార్కులు చెప్పడం కూడా ఒక విద్యేనని ఆమె నమ్మకం. తండ్రి చెయ్యి చేసుకునే ఇల్లయితే, తల్లి ఒక్కతే ఉండే వేళ చూసి చేస్తుంది. బెదిరిపోయే తల్లికి ముందు బాగా వచ్చిన సబ్జెక్టు చెప్పి, ఆమె కుదుటపడ్డాక తగ్గినవి చెబుతుంది. మావాడికి ర్యాంకు ఖాయమని మీసం తిప్పే ఆసాములకు మాత్రం తగ్గిందే ముందు చెబుతుంది. అలాంటివాళ్లకు అదే మందు అని నవ్వుతుంది కూడా.

ఇంకొక అలవాటు ఉంది. పరీక్ష రాయని పిల్లల ఇళ్లకే అందరికంటే ముందు ఫోన్ చేస్తుంది. పరీక్షకు రాని పిల్ల ఎక్కడుందో తల్లికి తెలియాలి కదా అని. మంచి అలవాటే. ఆ మంచి అలవాటే ఆమె కొంప ముంచింది.

సెకండియర్ ఎంపీసీలో దీప్తి అనే పిల్ల ఉండేది. పులివెందుల దగ్గర ఒక పల్లె. దసరా సెలవులకు ఇంటికి పోతుంటే, ఎర్రగుంట్ల దాటాక ఆమె ఎక్కిన ఆటోను లారీ గుద్దింది. పిల్ల అక్కడే పోయింది. కాలేజీలో రెండు నిమిషాలు లేచి నిలబడ్డారు, ఒక పూట సెలవిచ్చారు. జైనబ్ కూడా ఏడ్చింది. అందరికీ అన్నీ తెలుసు. కంప్యూటర్లోంచి ఆ పేరు తీసెయ్యాలన్న బుద్ధి మాత్రం ఒక్కరికీ పుట్టలేదు.

సెలవుల తర్వాత మొదటి పరీక్షకు దీప్తి పేరు ఎదురుగా ఆబ్సెంట్ అని పడింది. జైనబ్ ఎప్పటిలాగే రాని పిల్లల నంబర్లు ముందు నొక్కుకుంటూ పోయింది. అవతల ఫోన్ ఎత్తారు. "అమ్మా, కాలేజీ నుంచి జైనబ్‌ను" అన్నాక గానీ పేరు మీద కన్ను పడలేదు.

"చెప్పు మేడం," అంది అవతల సుబ్బరత్నమ్మ, దీప్తి తల్లి. "దీప్తికి ఎన్నొచ్చినాయి?"

మతి తప్పిన గొంతు కాదది. వారం వారం ఎలా అడిగేదో అలాగే అడిగింది. తప్పయిపోయింది, క్షమించమ్మా అని ఫోన్ పెట్టేసి ఉంటే కథ అక్కడే ముగిసేది. జైనబ్ పెట్టెయ్యలేకపోయింది.

"డెబ్బై మూడమ్మా," అంది.

"పోయినసారి కంటే పెరిగినాయిలే," అని సుబ్బరత్నమ్మ ఫోన్ పెట్టేసింది.

ఇంక జన్మలో ఆ నంబరుకు చెయ్యకూడదని జైనబ్ చెంపలు వేసుకుంది. మర్నాడే డీన్‌తో చెప్పి పేరు తీయించింది కూడా. కానీ ఆ తర్వాతి సోమవారం సాయంత్రం, బస్సుకు లేవబోతుంటే ఫోన్ మోగింది. "ఏం మేడం, అందరిళ్లకూ చేస్తాండావంట, మాకు చెయ్యలే? ఏం తప్పు చేసినాము?" అంది సుబ్బరత్నమ్మ. జైనబ్ మళ్లీ మార్కులు చెప్పింది.

లేని పిల్లకు మార్కులు వెయ్యడం ఎంతసేపు, నోటికొచ్చిన అంకె చెబితే సరిపోదా అనిపిస్తుంది. సరిపోదు. సుబ్బరత్నమ్మ వట్టి అంకెతో వదిలే మనిషి కాదు. లెక్కల్లో ఇంకా తొందరపడతాందా, ఇంగ్లీషు ఏమన్నా మేలయిందా, సార్లు ఏమంటాండారు అని తరచి తరచి అడిగేది. కాబట్టి జైనబ్ సోమవారం పొద్దున ప్రశ్నపత్రం ముందేసుకుని, దీప్తి అయితే ఇది రాసేదా, ఇది వదిలేసేదా అని ఆలోచించడం మొదలుపెట్టింది. పాత పరీక్షల జవాబు కాగితాలు వెతికి తీసింది. కుడివైపుకు ఒరిగిన ఆ గుండ్రటి దస్తూరి కంటికి అలవాటైపోయింది. తర్వాత తర్వాత తెల్లకాగితం చూసినా ఆ అక్షరాలే కనిపించేవి.

ఒక వారం పేపరు బాగా కష్టంగా వచ్చింది. క్లాసులో అందరికీ తగ్గాయి. న్యాయం న్యాయమే కదా అని జైనబ్ దీప్తికి కూడా యాభై ఎనిమిదే అని చెప్పింది. ఫోన్ పెట్టేసిన మరుక్షణం, కుర్చీ వెనకాల ఎవరో వచ్చి నిలబడ్డట్టయింది. మార్కులు తగ్గిన పిల్లలు అలాగే వచ్చి నిలబడతారు, గోరు కొరుక్కుంటూ, మేడం ఎందుకు తగ్గించినారు అని అడగడానికి ధైర్యం చాలక. పట్టపగలు, బయట పిల్లలు అన్నాలకు పోతున్న అరుపులు. జైనబ్ తిరిగి చూడలేదు. తిరిగి చూస్తే ఎవరూ ఉండరని తెలుసు, ఉండకపోతే అదింకా భయం. మళ్లీ అదే నంబరు నొక్కి, "అమ్మా, కూడడంలో తప్పు పోయింది. అరవై ఆరు" అని చెప్పింది. వెనక నిలబడ్డది పోయింది.

అప్పట్నుంచి ఆ పిల్ల ఉన్నట్టే అయింది. హాజరు పిలిచేటప్పుడు కారిడార్లో పోతుంటే, ఒక పేరు పిలవకుండా దాటేసినట్టు జైనబ్‌కు చెవుల్లో లోటుగా వినిపించేది. నమాజులో కూర్చున్నా మనసు ఆ పిల్ల ఫిజిక్సు మీదికి పోయేది. పాపం చేస్తున్నానా అని ఆమె భయం. మానేస్తే అవతల ఆ తల్లి ఏమైపోతుందోనని ఇంకో భయం. ఈ రెండు భయాల మధ్య మనిషి చిక్కి సగమైంది.

జనవరిలో దీప్తి తండ్రి నాగేంద్ర కాలేజీకి వచ్చాడు. తుమ్మలపల్లె గనిలో పనిచేసే మనిషి. కూర్చోమంటే కూర్చోలేదు.

"మా ఇంటిదానికి పిచ్చి లేదు మేడం," అన్నాడు. "బిడ్డను పూడ్చిన కాడికి దినామూ పోతాది. అంతా తెలుసు దానికి. సోమారం మాత్రం మీ ఫోన్ వచ్చినాకనే లేసి తల దువ్వుకుంటాది, ఇంత వండుతాది. ఆ పొద్దు మనిషి మాదిరి ఉంటాది."

"మిగతా దినాల్లో ఎట్లుంటుంది అన్నా?" అని అడిగింది జైనబ్.

"మళ్లా సోమారం కోసం కాసుకోనుంటాది." ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ మాట్లాడాడు. "మిమ్మల్ని అనేకి రాలేదు నేను. ఆపండి అననూ, సాగదియ్యండి అననూ. మార్చిలో పరీక్షలైపోతాయి కదా, రిజల్ట్ వచ్చిన దినం తెంచెయ్యండి. మంచి మార్కులతో పాసయిందని చెప్పండి. పిల్ల సదువు ఐపోయిందని దానికి అనిపించల్ల. అంతకు మించి ఏం చెయ్యాల్నో నాకు తెలీదు."

అలాగేనని మాటిచ్చాక జైనబ్‌కు ప్రాణం లేచి వచ్చినట్టయింది. దీనికొక చివర ఉందన్నమాట. అక్కడిదాకా ఎలాగో ఈడ్చుకుపోతే ముగ్గురికీ విముక్తి. ముగ్గురని లెక్కపెట్టుకున్నందుకు ఆమెకే ఒళ్లు జలదరించింది. తనూ, సుబ్బరత్నమ్మా, ఆ పిల్లా.

ఏప్రిల్‌లో ఫలితాలొచ్చాయి. కాలేజీ ముందు టపాకాయలు పేల్చారు, గోడ మీదికి కొత్త ఫోటోలు ఎక్కాయి. జైనబ్ అందరిళ్లకూ చేసి, ఆఖరుకు ఆ నంబరు నొక్కింది. చెప్పాల్సిన మాట కూడబలుక్కునే ఉంది. వెయ్యికి తొమ్మిది వందల పన్నెండు. సంతోషంగా ఉండమ్మా, బంగారంలాంటి బిడ్డ అని చెప్పి పెట్టెయ్యాలి.

ఫోన్ ఒక్క రింగుకే ఎత్తారు. జైనబ్ నోరు తెరిచేలోపే సుబ్బరత్నమ్మ అంది.

"మేడం, పాసయిందని మాత్రం చెప్పొద్దు."

"ఏందమ్మా ఆ మాట?"

"పాసయినోళ్ల ఇళ్లకు మీరు మళ్లా ఫోన్ చెయ్యరంట గదా. పక్కూరి రాధిక వాళ్లమ్మ చెప్పింది. పోయినోళ్లకయితే సప్లిమెంటరీ అని క్లాసులు పెడతారంట, మళ్లా పరీక్షలంట, మళ్లా మార్కులు చెప్తారంట. నాకు తెలీదా మేడం, నా చేతులతోనే మన్నేసినా. మీరు ఫోన్లో చెప్పేటప్పుడు మాత్రం అది ఆడ కూచోని రాస్తాంటాది. దాన్ని పాసు చేసి పంపించెయ్యాకండి."

నాగేంద్రకు ఇచ్చిన మాట గుర్తుంది. తన వెనక ఎవరో ఊపిరి బిగబట్టి నిలబడి ఉన్నారని కూడా జైనబ్‌కు తెలుస్తూనే ఉంది. ఈసారి కళ్లు మూసుకుంది.

"ఒక సబ్జెక్టు పోయిందక్కా," అంది. "కెమిస్ట్రీ."

అవతల సుబ్బరత్నమ్మ ముక్కు చీదుకుని, ఇంట్లో ఎవరికో వినబడకూడదన్నట్టు మెల్లగా అంది.

"పోనీలే, మళ్లా రాసుకుంటాది. పిల్లను తిట్టాకండి మేడం."